తన ఇష్టప్రకారం

లేబర్ ఆఫీసు గేటు దగ్గర పుస్తకం తెల్లవారుజామున నాలుగింటికే తెరుస్తారు. తెరిచేది ఆఫీసువాళ్ళు కాదు, వాళ్ళు ఏడున్నరకి గాని రారు. ముందొచ్చినవాడెవడో ఓ రూళ్ళ నోటుబుక్కు తెచ్చి, తన పేరు రాసుకుని ఒకటో నంబరు వేసుకుంటాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా దాన్లోనే పేరు రాయించుకోవాలి. గార్డు కూడా ఆ పుస్తకాన్నే నమ్ముతాడు. మా టౌన్లో ఉద్యోగం పోయినవాడికి ముందుగా తెలియాల్సిన చట్టం అది, మిగతావి తర్వాత.

నోబంటుకి ఆ చట్టం తెలుసు. తెలిసి ఏం లాభం? మొగుడు పోయి రెండు నెలలు, ఒంటిమీద ఏడాదిపాటు తియ్యకూడని నల్లబట్టలు. పొద్దు పొడవకముందు గుమ్మం దాటకూడదు, పొద్దు గుంకేసరికి ఇంట్లో ఉండాలి. జూన్ మాకు చలికాలం, ఏడు దాటితే గాని సూర్యుడు మొహం చూపించడు. ఇంటి దగ్గర జ్వెలిట్షాలో వ్యాను పట్టుకుని, అది నిండేదాకా కూర్చుని, గేటు దగ్గరికొచ్చేసరికి ఎనిమిదవుతుంది. ఆ సోమవారం ఆమె నంబరు అరవై నాలుగు.

పుస్తకం పట్టుకున్నవాడు బూయిలే. టైర్ల షాపులో పని పోయి, మూడు వారాలుగా గేటు దగ్గరే పెద్దరికం వెలగబెడుతున్నాడు. "నల్లక్కా, మళ్ళీ వచ్చావా," అన్నాడు పేరు రాస్తూ. "ఈ లెక్కన నీ వంతు వచ్చేసరికి నీకు ముసలాళ్ళ పెన్షనే ఇచ్చేస్తారు."

ఎకసెక్కమే గాని అతని మాటలో విషం లేదు. అయినా నోబంటు నవ్వలేదు. నల్లబట్టల్లో ఉన్న ఆడది వీధిలో పళ్ళు కనిపించేలా నవ్వితే చూసినవాళ్ళు ఊరుకోరు. వరస చివర నిలబడింది. ఆమెకీ ముందున్న మనిషికీ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. ఎవరూ కావాలని చెయ్యరు, దానంతటదే ఏర్పడుతుంది. ఆ బట్ట తగిలితే మంచిది కాదని చిన్నప్పటినుంచి విన్నవాళ్ళే అందరూ. నిరుడు ఎవరో ఒకావిడ నల్లబట్టలతో పక్కన నిలబడితే నోబంటు కూడా అలాగే పక్కకి జరిగింది.

మూడింటికి నలభై ఒకటో నంబరు లోపలికి వెళ్ళింది. ఆఫీసు రేకుల కప్పు మీద ఎండ పచ్చబడింది. నోబంటు గేటు వంక, ఎండ వంక, మళ్ళీ గేటు వంక చూసింది. ఆమెతో కలిపి ఇంకో ఇరవై ముగ్గురు. నాలుగింటికి కౌంటరు మూసేస్తారు. ఇక్కడ నాలుగయితే వ్యాను నిండి ఇంటికి చేరేసరికి చీకటి. ఇలా వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం ఇది మూడోసారి.

"వెళ్ళిపోతున్నావా?" అన్నాడు బూయిలే. "ఉండు, ఎవడన్నా నంబరు మార్చుకుంటాడేమో అడుగుతా." అడిగాడు కూడా. వరసలో అందరూ తమ బూట్ల వంక చూసుకున్నారు. వాళ్ళని అనడానికి లేదు, వాళ్ళూ తెల్లవారుజామునుంచి చలిలో నిలబడ్డవాళ్ళే.

ఇంటికొచ్చేసరికి అత్తగారు, పేరు మాతోలో, వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. కోడలి మొహం చూడలేదు, ముందు ఆకాశం చూసింది. పొద్దు ఇంకా రెండు చేతుల ఎత్తున ఉంది. అప్పుడు అడిగింది. "వరస అందిందా?"

"లేదత్తమ్మా."

మాతోలో పొయ్యి వైపు తిరిగింది. పొయ్యి మీద దంచిన మొక్కజొన్నలు, చిక్కుడు గింజలు పొద్దున్నుంచి ఉడుకుతున్నాయి. మూత తీసి కలిపింది. ఇంట్లో ఇద్దరు చదువుకునే పిల్లలు, ఆమె ఒక్కదాని పెన్షను. మాంసం వాసన చూసి మూడు వారాలయింది. గరిటె అంచు మీద కొట్టి పక్కన పెడుతూ, "రేపు నేను వెళ్ళి పేరు రాయిస్తా," అంది. "నా ఏడాది తీరి నల్లబట్టలు తగలబెట్టి పదకొండేళ్ళయింది. చీకటి నన్నేం చేస్తుంది?"

"ఈ చలిలో మీరెందుకు? మోకాళ్ళు పట్టేస్తాయి."

"పట్టేస్తే పట్టెయ్యనీ. నువ్వు పొద్దు పొడిచాక రా, నేను చోటు కాస్తా."

*

మంగళవారం పొద్దున నోబంటు వెళ్ళేసరికి మాతోలో వరసలో ఐదో మనిషి. బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని, దుప్పటి ముక్కుదాకా కప్పుకుని ఉంది. లేచి కోడలికి చోటిచ్చింది. వెనకనుంచి ఒకాయన గొణిగాడు.

"ఇదెక్కడి న్యాయం? ఒకళ్ళు నిలబడతారు, ఇంకొకళ్ళు లోపలికి పోతారు."

"పుస్తకంలో ఇంటిపేరు రాశా," అన్నాడు బూయిలే. "ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. నీక్కూడా అత్తగారుంటే పంపించు, ఎవరొద్దన్నారు?"

వరసలో నలుగురు నవ్వారు. మాతోలో రంగు డబ్బా చంకన పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా వ్యాన్ల వైపు నడిచింది. ఎడమ మోకాలు వంగడం లేదు.

కౌంటరు వెనక మనిషి మక్వేతు. యాభై దాటినవాడు, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, వేడి పోయిన టీ తాగుతూ ఉన్నాడు. నోబంటు గుర్తింపు కార్డు తీసుకుని కంప్యూటరు మీటలు నొక్కాడు. తెర వంక చాలాసేపు చూశాడు.

"లాండ్రీ. ఆసుపత్రి దుప్పట్లు ఉతికేది. తొమ్మిదేళ్ళు. నెల తప్పకుండా నీ జీతంలో కోసి, పని పోయినవాళ్ళకి భృతి ఇచ్చే యూఐఎఫ్‌కి కట్టారు. బాగానే ఉంది." టీ కప్పు పక్కకి జరిపాడు. "కానీ అమ్మా, రాజీనామా అని పడింది."

"అంటే?"

"అంటే నీ అంతట నువ్వు మానేశావని. తీసేసినవాళ్ళకి ఇస్తారు, కంపెనీ మూసేస్తే ఇస్తారు, జబ్బు చేసినా ఇస్తారు. ఇష్టపడి మానేసినవాళ్ళకి ఇవ్వరు."

"నేను ఇష్టపడలేదు సార్." ఆమె గొంతు నల్ల శాలువా దాటి రాలేదు. ఈ బట్టల్లో గొంతెత్తకూడదు. "రెండో షిఫ్టు వేశారు. మధ్యాహ్నం రెండునుంచి రాత్రి పదిదాకా. ఈ ఏడాది గడిచేదాకా పొద్దున షిఫ్టులోనే ఉంచమని బతిమాలాను. కుదరదన్నారు."

మక్వేతు ఆమె శాలువా వంక చూశాడు. అతనికి వివరించి చెప్పాల్సిన పని లేదు, అతని తల్లీ ఒకప్పుడు కట్టే ఉంటుంది. కాగితాల దొంతరలోంచి ఒకటి లాగాడు. "కంపెనీవాళ్ళు దీన్ని జతచేశారు. నువ్వు రాసిందేనా?"

ఆమె చేతిరాతే. కుదురుగా, గీత తప్పకుండా ఉంది.

మక్వేతు కళ్ళజోడు కిందికి దించి చదివాడు. "అయ్యా, నేను నా ఇష్టప్రకారం పని మానుకుంటున్నాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఎవరి మీదా నాకు కోపం లేదు. తొమ్మిదేళ్ళు మీ పని చేసుకుని నా పిల్లలు అన్నం తిన్నారు. మీకూ మీ ఇంటికీ దేవుడు మేలు చెయ్యాలి." కాగితం కింద పెట్టాడు. "ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నానమ్మా. ఉద్యోగం ఊడి ఇంత చక్కగా దీవించి వెళ్ళినవాళ్ళని చూడలేదు. ఎవరు రాయమన్నారు ఇలా?"

నోబంటు ఉత్తరంలోని తన అక్షరాల వంక చూసింది.

వెనక వరసలో దగ్గులు మొదలయ్యాయి. మక్వేతు ఆ కాగితాన్ని వేలితో తట్టాడు. ఒక్క దారి ఉంది, అన్నాడు. అక్కడ ఉండలేని పరిస్థితి యజమానే తెచ్చిపెట్టాడు, అందుకే మానేసింది అని తగువులు తీర్చేవాళ్ళు ఒప్పుకుంటే, రాజీనామా ఇచ్చినా తీసేసినట్టే లెక్క. వాళ్ళు శుక్రవారం శుక్రవారం ఇక్కడే వెనక గదిలో కూర్చుంటారు. కానీ మానేసిన ముప్పై రోజుల్లోపు వాళ్ళ దగ్గర కాగితం పడాలి.

"ఏ రోజు మానేశావు?"

"మే ఇరవై ఏడు."

వేళ్ళు ముడిచాడు, మళ్ళీ ముడిచాడు. "ఈ శుక్రవారం ముప్పయ్యో రోజు. అది దాటితే ఇంక నన్ను అడగొద్దు." ఫారం రెండు ప్రతులు తీసి ఇచ్చాడు. "ఏం జరిగిందో రాయి. ఒక ప్రతి కంపెనీలో ఇచ్చి, అందిందని రెండోదాని మీద సంతకం పెట్టించుకు రా. ఆ సంతకం లేకపోతే గదిలోకే రానివ్వరు." ఆమె లేస్తుంటే మెల్లిగా అన్నాడు, "ఉత్తరం మాత్రం పెద్ద చిక్కమ్మా. నా దగ్గర దాచాల్సిన పని లేదు, అది చూస్తే ఎవరన్నా నీ అంతట నువ్వే మానేశావంటారు."

*

బుధవారమంతా ఫారం వంటగది బల్లమీదే ఉంది. పిల్లలు బడికి వెళ్ళాక నోబంటు బల్ల తుడిచి, ఆరాక మళ్ళీ తుడిచి, పెన్ను మూత తీసింది. పేరు, చిరునామా, కంపెనీ పేరు, చేరిన తేదీ. ఇవన్నీ ఇట్టే అయిపోయాయి. తర్వాత పెద్ద గడి. ఏం జరిగిందో మీ మాటల్లో రాయండి. పదిహేను గీతలు.

ఎదురుగా మాతోలో చిక్కుడు గింజలు ఏరుతోంది. పుచ్చులు ఒకవైపు, మంచివి ఒకవైపు.

"ఉత్తరం అడ్డొచ్చిందన్నావు," అంది తలెత్తకుండా.

"ఆఁ."

"అందులో మాటలు నావి."

"చేతిరాత నాది కదత్తమ్మా."

"చావు ఇంటినుంచి తగువు మాట బయటికి పోకూడదన్నాను. మంచిమాట చెప్పి వచ్చెయ్యమన్నాను. మా అమ్మ నాకు అలాగే చెప్పింది." ఓ పుచ్చు గింజ తీసి చూసి, పక్కన పడేసింది. "మంచిమాట రాస్తే తప్పయిపోతుందని ఎవరికి తెలుసు? అది కాగితం మీద పడితే ఇలా మెడకి చుట్టుకుంటుందని నాకెవరూ చెప్పలేదు."

నోబంటు పెన్ను గీత మీద ఆనించింది. రెండో షిఫ్టు వేశారు అని రాసింది. పొద్దున షిఫ్టు అడిగితే ఒప్పుకోలేదు అని రాసింది. అక్కడ ఆగింది. ఆ తర్వాత జరిగింది ఆమెకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మేనేజరు ద్యాంతి ఏ చేత్తో షిఫ్టు కాగితం పట్టుకున్నాడో, ఆ మాట అనేటప్పుడు దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు ఎంత చప్పుడు చేస్తోందో, చప్పుడు మించి వినబడాలని అతను ఎంత గట్టిగా అన్నాడో, అంతా. రాత్రిళ్ళు దుప్పటి కింద పడుకున్నా అదే వినిపించేది. కానీ ఇక్కడ, ఈ బల్లమీద, చిక్కుళ్ళు ఏరుతున్న ఈ మనిషి ముందు పెన్ను ముందుకు సాగలేదు.

"అతనేమన్నాడు నిన్ను?" అంది మాతోలో.

"షిఫ్టుకి రమ్మన్నాడు."

"అంతేనా?"

"అంతే."

మాతోలో ఆమె వంక ఓసారి చూసి మళ్ళీ చిక్కుళ్ళలో పడింది. పదిహేను గీతల్లో మూడు నిండాయి. నోబంటు రెండో ప్రతి కూడా చూసి రాసి, రెండూ మడతపెట్టి బైబిల్లో పెట్టింది.

*

గురువారం లాండ్రీ గేటు దాటుతుంటే సబ్బు వాసన, ఆవిరి వాసన కలిసి మొహాన కొట్టాయి. తొమ్మిదేళ్ళు అసలు వాసనే తెలిసేది కాదు. నల్లబట్టల మనిషి నేరుగా ఎవరి గదిలోకీ జొరబడకూడదు కాబట్టి షెడ్డు తలుపు పక్కన, గోడకి ఆనుకుని నిలబడింది. ద్యాంతి ఫోనులో ఉన్నాడు, ఆగమన్నాడని ఎవరో వచ్చి చెప్పారు.

రోలరు దగ్గర థొజామా పనిచేస్తోంది. ఆరేళ్ళు నోబంటుకి జత. ఇద్దరూ తడి దుప్పటి చెరో కొస పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ముడత లేకుండా రోలరు నోటికి అందించేవాళ్ళు. మాట్లాడుకోవాల్సిన పని ఉండేది కాదు. భుజం కదిలితే తెలిసిపోయేది. ఇప్పుడు అవతలి కొస ఎవరో కొత్త పిల్ల చేతిలో ఉంది. ఆ పిల్ల తొందరపడుతోంది, దుప్పటి వంకరగా లోపలికి పోయి అంచు మడత పడుతోంది. థొజామా నాలుక చప్పరించి, మీట నొక్కి రోలరు ఆపింది.

"వెళ్ళి నీళ్ళు తాగిరా పో," అంది పిల్లతో. నోబంటు దగ్గరికొచ్చింది. చెయ్యి చాపబోయి, గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. "చిక్కిపోయావే."

"నువ్వు లావెక్కావు."

"దిగులుతో," అంది థొజామా. చేతిలో ఫారం చూసి అడిగి తీసుకుంది. తడి వేళ్ళు ఏప్రానుకి తుడుచుకుని మూడు గీతలూ చదివింది. మిగిలిన పన్నెండు ఖాళీ గీతల వంక చూసింది. "ఇదేమిటి? ఆయనన్న మాట రాయలేదే. షెడ్డులో అందరం విన్నాం."

"రాయలేదు."

"ఎందుకు? ముసలావిడ చూస్తుందనా?"

నోబంటు తల దించుకుంది. బండిలో తడి దుప్పట్లు గుట్టగా ఉన్నాయి, రోలరు ఆగి ఉంది. థొజామా మళ్ళీ మీట నొక్కి ఓ దుప్పటి కొస అందుకుంది. నోబంటు ఆలోచించకుండానే రెండో కొస అందుకుంది. ఒక్క విదిలింపు. దుప్పటి గాలిలో పరుచుకుని, నున్నగా రోలరులోకి పోయింది. ఇంకోటి. నాలుగు దుప్పట్లు పోయాక ద్యాంతి గదినుంచి పిలుపొచ్చింది.

ద్యాంతి చెడ్డవాడేం కాదని షెడ్డులో అనేవాళ్ళూ ఉన్నారు. ఆదివారం చర్చిలో పాడతాడు, చావులకి చందా ఇస్తాడు. కొత్తగా రెండు ఆసుపత్రుల పని ఒప్పుకుని, షిఫ్టులు నడపలేక తల ప్రాణం తోకకొచ్చి ఉన్నాడు. నోబంటు గది గుమ్మంలోనే ఆగి, రెండు చేతులతో ఫారం అందించింది. అతను నిలబడే చదివాడు.

"నేనేదో నిన్ను గెంటేసినట్టు రాశావే."

"జరిగిందే రాశాను సార్. అందిందని సంతకం పెట్టమన్నారు."

"పెడితే ఒప్పుకున్నట్టు. రేపు అక్కడికెళ్ళి ఇదిగో సంతకం పెట్టాడంటావు." కుర్చీలో కూలబడ్డాడు. "నోబంటూ, నీకు నేనేం తక్కువ చేశాను? శవపేటిక తెచ్చిన రోజున లాండ్రీ వ్యాను పంపలేదూ?"

"పంపారు సార్."

"మా అమ్మ కూడా నల్లబట్టలు కట్టింది. కట్టుకునే పనిలోకి పోయేది, రాత్రిపూట కూడా. ఎవరి ఆచారం వాళ్ళింట్లో. నీ ఒక్కదానికోసం షిఫ్టు మారిస్తే రేపు అందరూ ఏదో ఒకటి పట్టుకొస్తారు." పెన్ను తీశాడు. "సంతకం ఊరికే పెట్టను. జరిగింది నేనూ రాస్తా. అప్పుడు చూసుకోనీ వాళ్ళు."

ఆమె నిలబడి ఉండగానే రాశాడు. పెద్ద అక్షరాలు, బలంగా నొక్కి, రెండు ప్రతుల మీదా. కిందిపక్క ఖాళీ అంతా అయిపోయింది. సంతకం చేసి, సొరుగులోంచి కంపెనీ సీలు తీసి ఊది, గట్టిగా వేశాడు. ఒక ప్రతి తన దగ్గర ఉంచుకుని రెండోది ఇచ్చేటప్పుడు అతని మొహంలో కోపం లేదు, పని పూర్తయినవాడి నిమ్మళం ఉంది. "నాకు నీ మీద పగ లేదమ్మా. ఉన్నదున్నట్టు రాశాను, అంతే."

వ్యానులో వెనక సీటు మూల కూర్చుని ఆమె చదువుకుంది. "ఈమెకు మే 26న స్పష్టంగా చెప్పాను. రెండో షిఫ్టుకి రావాలి, లేదా రాజీనామా ఇవ్వాలి, మూడో మాట లేదు అన్నాను. పొద్దు గుంకేలోపు ఇంటికి పోవాలన్న ఆమె నియమంతో కంపెనీకి సంబంధం లేదు. రెండిట్లో ఆమె తన ఇష్టప్రకారం రాజీనామా ఎంచుకుంది."

మళ్ళీ తన ఇష్టప్రకారం. తన ఉత్తరంలో ఒకటి, ఇప్పుడు ఇక్కడ ఇంకొకటి, సీలుతో సహా. నోబంటుకి ఏడుపు కూడా రాలేదు. తొమ్మిదేళ్ళు జీతంలో కోసుకున్నారు, తను గాని మొగుడు వెలాఫీ గాని ఎప్పుడూ కిమ్మనలేదు, ఆపదలో అక్కరకొస్తుందనుకున్నారు. వెలాఫీ ఆపద చూడకుండానే పోయాడు. కాగితం మడతపెట్టి, రేపు వెళ్ళడమే దండగ అనుకుంది.

ఇంట్లో మాతోలో చదవమంది. చదివి వినిపించింది. ముసలావిడ చివరిదాకా విని, "సంతకం ఉంది కదా?" అంది.

"ఉంది. అయినా ఏం చేసుకుంటాం?"

"గదిలోకి రానిస్తారుగా. ఇంతదూరం వచ్చాక ఇంట్లో కూర్చుంటే ఏమొస్తుంది," అని లేచి, గుమ్మం పక్కన రంగు డబ్బా సిద్ధంగా పెట్టుకుంది.

*

శుక్రవారం వరసలో మాతోలోది రెండో నంబరు. పొద్దు పొడిచాక నోబంటు వచ్చి చోటు తీసుకుంది గాని ముసలావిడ ఇంటికి వెళ్ళలేదు. మోకాలు ఎటూ కదలనివ్వడం లేదంది. బూయిలే చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, వెనక గదిలో గోడవారనున్న బల్ల మీద కూర్చోబెట్టి వెళ్ళాడు.

తగువులు చూసే అమ్మాయి పేరు సినాజో. ముప్పై ఏళ్ళుంటాయి. జలుబు చేసి మెడకి చుట్టుకున్న రుమాలు, ముందు ఓ కట్ట ఫైళ్ళు. నోబంటు ఫారం అందుకుని తేదీ చూసింది. "ముప్పయ్యో రోజు. మీరంతా ఆఖరిరోజునే ఎందుకొస్తారో నాకర్థం కాదు."

"వరస అందలేదండి."

సినాజో జతచేసిన ఉత్తరం చదివింది. పెదవి విరిచింది. ఫారంలో మూడు గీతలు చదివింది. ముక్కు తుడుచుకుంది. తర్వాత కిందిపక్క ద్యాంతి రాసింది చదివింది. ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. సీలు మీద వేలు పెట్టి చూసింది.

"ఇది ఎవరు రాశారు?"

"మేనేజరుగారు."

"తన చేత్తోనే?"

"నా ఎదురుగానే రాశారు. ఉన్నదున్నట్టు రాస్తానని."

సినాజో కుర్చీలో వెనక్కి వాలింది. అంతదాకా లేని ఓపిక ఆమె మొహంలోకి వచ్చింది. "షిఫ్టుకి రా, లేదా రాజీనామా ఇవ్వు, మూడో మాట లేదు. ఆమె నియమం నాకు తెలుసు, నాకు సంబంధం లేదు. ఇంతేగా రాసింది? అక్కా, దీన్ని రుజువు చెయ్యడానికే జనం నెలలతరబడి నా చుట్టూ తిరుగుతారు. సాక్షులు రారు, యజమాని నేననలేదంటాడు. ఈయన నేనన్నాను అని రాసి, సీలేసి, మీ చేతికిచ్చాడు."

నోబంటుకి వెంటనే బుర్రకెక్కలేదు. "తన ఇష్టప్రకారం అని కూడా రాశారు కదండి."

"అది ఆయన అనుకోవడం. షిఫ్టుకి రా, లేదా రాజీనామా ఇవ్వు అని ముందే అన్నాక ఇష్టమేమిటి ఇంక?" ఉత్తరం పక్కకి తోసింది. "దీంట్లో మీరు ఎన్ని దీవెనలు పెట్టినా ఇప్పుడంత భయం లేదు. అయిపోయిందని చెప్పను. ఆయన్ని పిలుస్తారు, ఆయన వాదిస్తాడు, నెలో రెండు నెలలో పడుతుంది. కానీ నిలబడుతుంది."

వెనక బల్ల మీద మాతోలో దీర్ఘంగా ఊపిరి వదిలింది. నోబంటు చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"అయితే ఇది చాలదు," అంది సినాజో పెన్ను తీస్తూ. "మూడు గీతలు రాసి వదిలేశారు. షిఫ్టు కుదరకపోవడం చాలామందికి ఉంటుంది. ఇంక అక్కడ ఒక్క రోజు కూడా ఉండలేననిపించేలా ఏం జరిగిందో అడుగుతారు. బతిమాలినప్పుడు ఆయన ఏమన్నాడు? అన్న మాట అన్నట్టు చెప్పండి, నేను రాస్తాను."

నోబంటు సీలు వంక చూసింది.

"ఏమీ అనలేదా?"

"అన్నారు."

"మరి?"

గది చిన్నది. గోడవార బల్ల ఆమె కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఉంది. బయటికి వెళ్ళి కూర్చోమని ముసలావిడతో అనడానికి లేదు, మోకాలు కదలదు, అసలా మాట అంటేనే సగం చెప్పేసినట్టు. పెన్ను కాగితం మీద ఎదురుచూస్తోంది. గేటు దగ్గర ఇంకా డెబ్భై మంది ఉన్నారు. ఇది ముప్పయ్యో రోజు.

"రోలరు దగ్గర, అందరి ముందు అన్నారు," అంది నోబంటు. "నీ మొగుడు బతికుండగా ఏ సాయంత్రమన్నా ఇంట్లో ఉన్నాడా అన్నారు. పొద్దు గుంకితే వాడు ఎవత్తె గుమ్మంలో తేలేవాడో టౌనంతటికీ తెలుసు అన్నారు. వాడే ఉండని ఇంటికి, వాడు పోయాక నువ్వు కాపలా ఏమిటి అన్నారు." శాలువా బిగించుకుంది. "అందరూ విన్నారు. కొందరు నవ్వారు. మర్నాడు ఉత్తరం ఇచ్చేశాను."

సినాజో రాయలేదు. పెన్ను పట్టుకుని, ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. బల్ల కిర్రుమంది. మాతోలో గోడ పట్టుకుని లేచి, కాలు ఈడ్చుకుంటూ వచ్చి కోడలి కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఆమె మొహం నోబంటుకి కనిపించలేదు. తల తిప్పి చూసే ధైర్యం రాలేదు.

"మీరెవరు?" అంది సినాజో మెల్లిగా.

"వాడి తల్లిని."

"పెద్దమ్మా, ఇది రాయకుండానే ఏదో ఒకలా…"

"రాయమ్మా." మాతోలో గొంతు పొడిగా ఉంది. "వాడు ఎక్కడ తేలేవాడో నాకు తెలియదా? రెండుసార్లు నేనే వెళ్ళి లాక్కొచ్చాను. ఇది పిల్లలకి అన్నం పెట్టి, తలుపు గడియ వెయ్యకుండా కూర్చునేది. అది మా ఇంటి సంగతి. ఆవిరి మిషను దగ్గర పదిమందిలో ఎత్తడానికి అతనెవరు?" కుర్చీ వీపు ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఆ ఉత్తరంలో ఎవరూ ఏమీ అనలేదని రాయించింది నేను. అప్పుడు ఇది నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. అది కూడా రాసుకో."

సినాజో ముక్కు తుడుచుకుని పెన్ను ఆనించింది. "అక్కా, మొదటినుంచి మళ్ళీ చెప్పండి. ఒక్క మాట పోకుండా, కొంచెం గట్టిగా."

నోబంటు మళ్ళీ చెప్పింది. ఈసారి ఆ గొంతు గది బయట వరసలో ముందున్నవాళ్ళకి కూడా వినబడింది. పన్నెండు గీతలూ నిండిపోయాయి. సినాజో కాగితం వెనక్కి తిప్పి అక్కడ రాయడం మొదలుపెట్టింది.